గాయం మానకుండా చేసే మందు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు నీటికాసులు (గ్లాకోమా). చుక్కల మందులతో కంటి ఒత్తిడి తగ్గడం లేదని ఆపరేషన్ చేయాలన్నారు. అందులో మైటోమైసిన్ అనే మందు అద్దుతారట. అది క్యాన్సర్ మందని తెలిసినప్పటి నుంచి భయంగా ఉంది. కంటికి హాని చేయదా?

జవాబు: మీ భయానికి కారణం ఉంది. మైటోమైసిన్-సి కణాలను విభజన చెందనివ్వదు కాబట్టే క్యాన్సర్‌లోనూ వాడతారు. మీ అమ్మగారికి చేసే ట్రాబెక్యులెక్టమీలో కంటిలోని నీరు బయటికి రావడానికి తెల్లగుడ్డులో చిన్న దారి చేస్తారు. ఏ ఆపరేషన్‌కైనా గాయం త్వరగా మానాలనే కోరుకుంటాం గానీ, ఇక్కడ అది గట్టిగా మానితే దారి పూడుకుపోయి ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. అందుకే మిల్లీలీటరుకు సాధారణంగా 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాముల మందు కలిపిన ద్రవంలో తడిపిన స్పాంజి ముక్కలను తెల్లగుడ్డును కప్పే పలచటి పొర కింద కొద్ది నిమిషాలు ఉంచి తీసేసి, కంటిలోకి దారి తెరవక ముందే ఆ చోటును సెలైన్‌తో బాగా కడుగుతారు. ఈ కడగడం చాలా ముఖ్యం. మందు లోపలికి చేరితే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) లోపలి వరుస కణాలు దెబ్బతింటాయి, పోయిన ఆ కణాల స్థానంలో కొత్తవి పుట్టవు.

మేలు చేసే గుణమే హానికీ మూలం. నీరు అవసరానికి మించి కారిపోతే కంటి ఒత్తిడి 6 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) కంటే కిందికి జారి, కంటి వెనక ఉండే తెర అయిన రెటీనా మధ్యభాగంలో ముడతలు పడి చూపు మసకబారవచ్చు. ఆ దారిన వచ్చిన నీరు చేరి తెల్లగుడ్డు మీద ఉబ్బే బుడిపె పైపొర, రక్తనాళాలు లేకుండా తెల్లగా పాలిపోయి, ఉల్లిపొరలా పలచబడి, ఒక్కోసారి చిల్లుపడి కారుతుంది. ఆ దారిన సూక్ష్మజీవులు లోపలికి వెళితే చూపే పోయే ప్రమాదం ఉంది. ఇది ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు కూడా రావచ్చు, నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ఇదే పనికి వాడే 5-ఫ్లోరోయురాసిల్ ఇంజెక్షన్లతో కార్నియా పైపొర రేగి కన్ను మండడం ఎక్కువగా చూస్తాం.

అయినా మందు వద్దనమని నేను చెప్పను, ఎందుకంటే నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. ఎంత బలం, ఎన్ని నిమిషాలు అని సర్జన్‌ను నిస్సంకోచంగా అడగండి. అమ్మగారు ఆ కన్ను నలపకూడదు. ఎప్పుడైనా సరే, కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, పుసి కట్టినా, ఉన్నట్టుండి నీరు కారినా, చూపు తగ్గినా మామూలు కళ్లకలక అనుకుని ఇంట్లో ఉన్న చుక్కలు వేయకుండా, అదే రోజు కంటి డాక్టరుకు చూపించి, మైటోమైసిన్‌తో ఆపరేషన్ జరిగిన కన్ను అని ముందుగానే చెప్పండి.