వాతావరణ నమూనాల్లో నేలను ఎలా లెక్కిస్తారు?

ప్రపంచ శీతోష్ణస్థితిని కంప్యూటర్‌పై లెక్కించే నమూనా భూమిని గడులుగా విడగొడుతుంది. ఒక్కో గడి దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పు ఉంటే, అందులోని పొలాన్నీ అడవినీ ఊరినీ ఎలా చూపిస్తారన్నది ప్రశ్న.

1969లో వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే నేలను 15 సెంటీమీటర్ల లోతు నీరు పట్టే బకెట్‌గా భావించారు. వానతో అది నిండుతుంది, నిండాక పొర్లిన నీరు ప్రవాహమవుతుంది, తేమ ఒక హద్దుకు దిగువన తగ్గేకొద్దీ ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. మొక్కల ఊసే లేని ఈ పద్ధతి మొరటుదే అయినా, నా దృష్టిలో అసలు విషయాన్ని పట్టుకుంది: నేలకు అందిన సౌరశక్తిలో ఎంత భాగం నీటిని ఆవిరి చేయడానికి, ఎంత భాగం గాలిని వేడెక్కించడానికి పోతుందన్నది చాలావరకు నేలలోని తేమను బట్టే ఉంటుంది.

1980ల నడుమ డికిన్సన్, సెల్లర్స్ అనే శాస్త్రవేత్తల బృందాలు ఆకులనూ వేళ్లనూ లెక్కలోకి తెచ్చాయి. తరువాతి తరం నమూనాలు పత్రరంధ్రాలను (ఆకులపై ఉండే సన్నని రంధ్రాలను) కిరణజన్య సంయోగక్రియతో ముడిపెట్టడంతో, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడు ఆ రంధ్రాలు కొంత మూసుకుని మొక్క నుంచి నీటి నష్టం తగ్గడాన్ని కూడా లెక్కించగలిగారు.

ఇక గడిలోపలి వైవిధ్యం సంగతి. గడిని అడవి, గడ్డి, సాగుభూమి, చెరువు, పట్టణం వంటి వాటాలుగా విడగొట్టి, ఒక్కోదానికి శక్తినీ నీటినీ విడిగా లెక్కకట్టి, విస్తీర్ణాన్ని బట్టి తీసిన సగటును పైనున్న వాతావరణానికి అందిస్తారు. ఆ వాటాలు గడిలో ఏ మూలన ఉన్నాయో సాధారణంగా నమూనాకు తెలియదు.

నీటిపారుదల ఇప్పటికీ బలహీనమైన చోటే. దాన్ని లెక్కించని నమూనాలో, రబీ వరికి కాలువ నీరు పారే గోదావరి డెల్టా ఉన్నదానికంటే పొడిగా, వేడిగా కనిపిస్తుంది.