ముప్పై దాటాక ఏడీహెచ్‌డీనా, బద్ధకమా?

"నల్గొండలో కిరాణా షాపు నాది. 34 ఏళ్లు. ఏ పనీ పూర్తి చేయలేను, ఇంట్లో బద్ధకం అంటున్నారు" అని మీరు రాశారు. బద్ధకమని తేల్చేసుకోకండి. చేయాలన్న తపన ఉండి కూడా మొదలుపెట్టలేకపోవడం వేరు. నాకు ఏడీహెచ్‌డీ ఉంది, అంటే చిన్నప్పటి నుంచే ధ్యాస నిలవక, పనులు పూర్తి చేయడం కష్టమయ్యే మెదడు ఎదుగుదల సమస్య. మిర్యాలగూడ బస్సు సగం దూరం పోయాక, కట్టాల్సిన కరెంటు బిల్లు జేబులోనే ఉందని తెలిసేది.

ఇది పెద్దయ్యాక కొత్తగా వచ్చేది కాదు. 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. అందుకే సైకియాట్రిస్టు బడి రోజుల గురించి అడుగుతారు, వీలైతే అమ్మనో అన్ననో వెంట తీసుకెళ్లండి. నిద్రలేమి, డిప్రెషన్, థైరాయిడ్ వల్ల కూడా ధ్యాస నిలవకపోవచ్చు, అవీ చూపించుకోవాలి. మందులు డాక్టరు రాస్తేనే వాడండి. ముందు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈలోపు ఉద్దెర లెక్క రాత్రికి రాద్దామని ఆపకండి. సరుకు చేతికిచ్చే ముందే రాసేయండి.