అమెరికన్ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్ అంటే ఎవరు? బ్రాక్ బవర్స్‌ను జార్జియాలో అంతగా ఎందుకు తలుచుకుంటారు?

మీ తమ్ముడు అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో చేరాడనీ, అక్కడ ఎవరిని కదిపినా ఆ విశ్వవిద్యాలయం జట్టులో టైట్ ఎండ్‌గా ఆడిన బ్రాక్ బవర్స్ పేరే వినిపిస్తోందనీ రాశారు. 2022, 2023లో నేను ఆ విశ్వవిద్యాలయం ఉన్న ఏథెన్స్ పట్టణంలోనే చదువుకున్నాను. అతని ఆటను అక్కడి శాన్‌ఫర్డ్ స్టేడియంలో కళ్లారా చూశాను కాబట్టి జవాబు రాస్తున్నాను.

ముందు ఆ స్థానం సంగతి. బంతి తమ చేతిలో ఉన్న జట్టులో, ఎదుటివాళ్లను అడ్డుకునే భారీకాయుల వరుస పక్కనే, అంచున టైట్ ఎండ్ నిలబడతాడు. ఒక ఎత్తుగడలో ప్రత్యర్థిని అడ్డుకుని తమ వాడు పరుగెత్తడానికి దారి చేస్తాడు, మరుసటి ఎత్తుగడలో తానే ముందుకు ఉరికి తమ వాడు విసిరిన బంతిని (పాస్) అందుకుంటాడు. ఊళ్లో కబడ్డీ ఆడినవాణ్ణి కనుక నాకు అది ఇలా అర్థమైంది: కూతకు వెళ్లి పాయింటు తెచ్చినవాడే తిరిగివచ్చి మూలన నిలబడి పట్టు పట్టాలి. రెండూ బాగా చేసేవాళ్లు అరుదు.

నేను మొదట చూసిన ఆట 2022 సెప్టెంబరులో కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టుతో జరిగింది. నా కళ్లన్నీ బంతి మీదే ఉంటే, పక్కనున్న ల్యాబ్ మిత్రుడు "బంతిని వదిలేసి 19వ నంబరును చూడు" అన్నాడు. ఆరోజు బవర్స్ బంతి చేతపట్టుకుని ఏకంగా 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించాడు. 6 అడుగుల 4 అంగుళాల మనిషి, బరువు వంద కిలోలకు పైమాటే. అంత దేహం అంత వేగంగా కదలడం నేను అంతకుముందు చూడలేదు.

అతనిది కాలిఫోర్నియాలోని నాపా. తల్లిదండ్రులిద్దరూ యూటా స్టేట్ విశ్వవిద్యాలయం క్రీడాకారులే. తండ్రి ఫుట్‌బాల్, తల్లి సాఫ్ట్‌బాల్ ఆడారు. కోవిడ్ వల్ల హైస్కూలు చివరి ఏడాది అతనికి ఫుట్‌బాల్ సీజనే లేకుండా పోయింది. నన్ను అన్నిటికంటే కదిలించేది ఇదే. ఏడాది పాటు మ్యాచ్ ఆడని కుర్రవాడు దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చి, 2021లో మొదటి సీజన్‌లోనే 56 పాస్‌లు అందుకుని, 882 గజాలతో 13 టచ్‌డౌన్లు చేశాడు. ఆ సీజన్ ఫైనల్లో అలబామాపై చివరి క్వార్టర్‌లో అతనిదీ ఒక టచ్‌డౌన్ ఉంది. 33-18తో గెలిచిన జార్జియాకు 1980 తర్వాత విశ్వవిద్యాలయ జట్ల జాతీయ టైటిల్ దక్కడం అదే మొదలు. మరుసటి సీజన్ ఫైనల్లో టీసీయూను (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) 65-7తో ఓడించినప్పుడు అతను ఒక్కడే 152 గజాలు రాబట్టాడు. అత్యుత్తమ టైట్ ఎండ్‌కిచ్చే మాకీ అవార్డును 2022, 2023లో అందుకున్నాడు. దాన్ని రెండుసార్లు గెలిచిన మొదటి ఆటగాడు అతనే.

2023 అక్టోబరులో వాండర్‌బిల్ట్‌తో ఆటలో చీలమండ బెణికి శస్త్రచికిత్స జరిగింది. కొన్ని నెలల్లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ ఉంది (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం), మొదటి రౌండ్‌లోనే ఎంపికవుతాడని అందరికీ తెలుసు. కాలిని కాపాడుకుని ఆ సీజన్‌కు స్వస్తి చెప్పినా తప్పుపట్టేవారు లేరు. అతను రెండు మ్యాచ్‌లు మాత్రమే వదిలి, దెబ్బ తగిలిన నాలుగు వారాలకే ఓల్ మిస్‌తో (మిసిసిపీ విశ్వవిద్యాలయం జట్టు) ఆటకు వచ్చేశాడు. ఆ రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. అతను టచ్‌డౌన్ చేసినప్పుడు తొంభై వేల మంది అరుపుకు కాళ్ల కింద కాంక్రీటు అదరడం ఇప్పటికీ గుర్తుంది. అయినా నా కళ్లు అతను ఎదుటివాణ్ణి అడ్డుకుంటున్నప్పుడే అతని కాలి మీద నిలిచాయి. బంతి తన వైపు రాదని తెలిసిన ఎత్తుగడల్లోనూ కుట్లు పడిన ఆ కాలినే నేలకు తన్నిపెట్టి ఎదుటివాణ్ణి నెట్టాడు. మా ఏథెన్స్ వాళ్లు అతణ్ణి ఇంటి మనిషిలా చూసుకోవడానికి నాకు తెలిసిన కారణం అదే.

2024 డ్రాఫ్ట్‌లో లాస్ వేగస్ రైడర్స్ జట్టు అతణ్ణి 13వ ఎంపికగా తీసుకుంది.

మీ తమ్ముడికి ఒక్క దృశ్యమే చూపించగలిగితే 2022లో ఫ్లోరిడాతో జరిగిన ఆటలోది చూపించండి. ప్రత్యర్థి చేయి తగిలి దారి తప్పిన బంతి అతని చేతుల్లోనూ నిలవక ఎగురుతుంది. దాన్ని తడబడుతూనే ఒడిసి పట్టి, 73 గజాల టచ్‌డౌన్‌గా మారుస్తాడు.