మార్చి 31 దాటిన బిల్లు

నల్లగొండ

తమ్ముడూ,

తెలంగాణ బడ్జెట్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి నాలుగు పేజీలు చదువుతుంటే ఒళ్లు మండింది. ఐదో పేజీలో మీ అమ్మకు బడి వంట తాలూకు గుడ్ల బిల్లు రాని సంగతి చదివాక కాసేపు కాగితాలు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రెండూ కలిసి ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

ముందు కోపం సంగతి. 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు అన్నావు, సరే. ఆ వెంటనే 'సాగునీటికి పెద్దపీట', 'అప్పుల ఊబి' అని మొదలుపెట్టావు. బడ్జెట్ మరునాడు ప్రతి పేపర్లో అచ్చయ్యే మాటలే ఇవి. తర్వాత ఏ శాఖకు ఎన్ని వేల కోట్లు ఇచ్చారో వరసగా రాసుకుంటూ పోయావు. ఇచ్చారని నీకెవరు చెప్పారు? మంత్రి సభలో చదివింది అంచనా. రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం సభ ముందు పెట్టేది రాబోయే ఏడాదికి వేసుకున్న లెక్క. అందులో పైసా కూడా అప్పటికి ఎవరి చేతికీ రాలేదు.

బడ్జెట్ పుస్తకం తెరిచి చూడు. ఒక్కో పద్దు ఎదురుగా నాలుగు గళ్లు ఉంటాయి. 2025-26 పుస్తకంలో అయితే 2023-24 వాస్తవ లెక్క, 2024-25 అంచనా, అదే ఏడాది సవరించిన అంచనా, చివరన 2025-26 అంచనా. అందరూ చివరి గడి చూసి రాస్తారు. నువ్వు మొదటి గడి చూడు. అక్కడున్న అంకెను రెండేళ్ల కిందటి ప్రసంగంలోని అంకె పక్కన పెట్టు. తేడా ఎంతో, ఎవరి పద్దులో కోత పడిందో రాయి. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నెలనెలా పెట్టే అంకెలు కూడా ఉన్నాయి, ఇంగ్లీషు చూసి భయపడకు.

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం గురించి ఆవేశంగా రాశావు. ఆ ఆవేశం నాకు నచ్చింది. కానీ ఎందుకు ఆగుతూ సాగుతోందో ఒక్క వాక్యం రాయలేదు. 35,200 కోట్ల అంచనాతో 2015లో అనుమతి ఇచ్చారు, జూన్ 11న కరివెనలో శంకుస్థాపన చేశారు. నార్లాపూర్‌లో మొదటి పంపు తిరిగింది 2023 సెప్టెంబర్ 16న. ఇప్పుడు ఇంకో అంకె చూడు. 2025-26లో రాష్ట్రం మొత్తానికీ, అన్ని శాఖలకూ కలిపి చూపిన పెట్టుబడి వ్యయం 36,504 కోట్లు. అంటే బడ్జెట్‌లో వందకు పన్నెండు రూపాయలు. రోడ్లు, ఆసుపత్రులు, ప్రాజెక్టులు అన్నీ అందులోంచే రావాలి. మన ఒక్క ఎత్తిపోతల తొలి అంచనాయే దాదాపు అంత ఉంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే మీ ఊరి రైతుకు వేరే వివరణ అక్కర్లేదు.

అప్పు దగ్గర మరీ కలగాపులగం చేశావు. ఒకచోట 6,71,757 కోట్లు అన్నావు, ఇంకోచోట 3,89,673 కోట్లు. రెండూ రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబర్ 20న సభలో పెట్టిన శ్వేతపత్రంలోవే. చిన్నది బడ్జెట్ పరిమితుల లోపల చేసిన అప్పు. పెద్దదాంట్లో ప్రభుత్వ కార్పొరేషన్ల పేరుతో తెచ్చినవి కూడా ఉన్నాయి. 293వ అధికరణ కింద కేంద్రం ఒప్పుకున్నంతే రాష్ట్రం అప్పు చేయాలి కాబట్టి కార్పొరేషన్ల దారి పట్టారు. 2022 నుంచి కేంద్రం వాటినీ పరిమితిలోనే లెక్కేయడం మొదలుపెట్టింది. ఇది చెప్పకుండా 'ఊబి' అంటే ఎవరికేం అర్థమవుతుంది? తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని రాసి మీ అచ్చంపేటకూ దాన్నే అంటగట్టావు. అది రాష్ట్ర సగటు. అందులో హైదరాబాద్‌ను ఆనుకున్న సంపన్న రంగారెడ్డి జిల్లా బరువెంతో చూసుకోవద్దా?

నేను పేపర్‌కు ఊళ్ల వార్తలు పంపే స్ట్రింగర్‌గా తిరిగే రోజుల్లో దేవరకొండ దగ్గర ఒక వాగు మీద వంతెన ఏటా 'మంజూరు' అయ్యేది, ఏటా వార్త వచ్చేది. పాత బడ్జెట్ పుస్తకాలు అడిగి తెచ్చుకుని వాస్తవ లెక్కల గడి చూస్తే అక్కడ చుక్కలు తప్ప అంకె లేదు. ఆ వానాకాలం ఎరువు బస్తాలను నడుం లోతు నీళ్లలో నెత్తిన మోసుకుపోవడం కళ్లారా చూసి వ్యాసం రాశాను. "పాత లెక్కలు ఎవరు చదువుతారయ్యా, రేపు బడ్జెట్, దాని మీద రాయి" అని ఎడిటర్ తిప్పి పంపాడు. ఆయన పేజీ నిండా రూపాయి బిళ్ల బొమ్మ వేసి, దాన్ని ముక్కలుగా కోసి రంగులద్దాడు. ఇప్పటికీ అదే ఫ్యాషన్. ఆ బొమ్మలో ఏ ముక్కా నిజంగా ఖర్చయిన డబ్బు కాదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఇక మీ అమ్మ సంగతి. బడిలో వంట చేసే అమ్మ నోట్‌బుక్‌లో రోజువారీ గుడ్ల లెక్క, పక్కన కిరాణా బాకీ, మధ్యలో హెడ్‌మాస్టర్ సంతకం. బిల్లు ట్రెజరీకి పోయింది, టోకెన్ నంబర్ పడింది, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 దాటింది, డబ్బు పడలేదు. తమ్మీ, నువ్వు రాసిందాంట్లో అసలు ఆర్థిక వ్యాసం ఇదే. దీన్ని చివర్లో కన్నీళ్ల కోసం పెట్టావు.

ప్రభుత్వ లెక్క నగదు పద్ధతిలో నడుస్తుంది. డబ్బు చెల్లించిన రోజే అది ఖర్చు. చెల్లించని బిల్లు ఆ ఏడాది ఖర్చులో కనపడదు, లోటులో కనపడదు, అప్పుగానూ కనపడదు. బిల్లులు ఆపినకొద్దీ కాగితం మీద లోటు తగ్గుతుంది. మీ అమ్మ కిరాణా కొట్టులో అరువు తెచ్చి పిల్లలకు గుడ్లు పెట్టింది. అంటే వడ్డీ లేకుండా ప్రభుత్వానికి అప్పిచ్చింది. నువ్వు వాదులాడే ఆ రెండు అప్పుల అంకెల్లో ఆమె డబ్బు ఎక్కడుంది? ఊళ్లో సీసీ రోడ్డు వేయించిన మాజీ సర్పంచ్‌ని అడుగు, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్ కాలేజీలో చిక్కుకున్న పిల్లను అడుగు. అందరి బిల్లులూ ఏ టేబుల్ దగ్గర ఆగాయో తేదీలతో సహా రాసుకో.

కలం పేరు గురించి, పుస్తకం గురించి అడిగావు. అవి ఇప్పుడొద్దు.

మొదటి నాలుగు పేజీలు తీసేయ్. నోట్‌బుక్ గురించి రాసేముందు అమ్మను అడుగు, కిరాణా కొట్టతని పేరు మాత్రం రాయకు, రేపు అరువు పుట్టదు. బిల్లు పెట్టిన తేదీ, టోకెన్ పడిన తేదీ కనుక్కుని, ఆ పద్దుకు బడ్జెట్‌లో ఎంత చూపారో, వాస్తవ లెక్కలో ఎంత ఖర్చయిందో పక్కన వేసి మళ్లీ పంపు. పాత బడ్జెట్ పుస్తకాలు నా దగ్గరున్నాయి. నల్లగొండ బస్సెక్కేముందు ఫోన్ చేయి, తీసి పెడతాను.

మీ అన్న