ఉద్యమం ‘పురుడు పోసుకుంటుందా’?

సందేహం: ‘ఫలానా ఉద్యమం ఈ ఊళ్లోనే పురుడు పోసుకుంది’ అని పత్రికల్లో తరచూ చూస్తున్నాను. మా నాయనమ్మ మంత్రసాని. చుట్టుపక్కల అందరికీ ఆమే పురుళ్లు పోసేది. పుట్టేది తన పురుడు తానెలా పోసుకుంటుంది? ఇంకో మాట: ఇప్పుడు ఆస్పత్రుల్లో మిడ్‌వైఫ్‌లు వస్తున్నారు కదా, వాళ్లను మంత్రసానులు అనొచ్చా?

సమాధానం: మీ అనుమానం సరైనదే. పురుడు అంటే కాన్పు. కాన్పు తర్వాత పాటించే మైలకీ అదే పేరు. సమాసాల్లో పురిటి అవుతుంది: పురిటినొప్పులు, పురిటి మంచం, పురిటి స్నానం. పురుడు పోసేది ముఖ్యంగా ఇద్దరు. దగ్గరుండి బిడ్డను పట్టే మంత్రసాని ఒకరు, ‘మొదటి పురుడు మేమే పోస్తాం’ అని ఖర్చంతా నెత్తినేసుకునే పుట్టింటివాళ్లు రెండోవారు. తల్లి పురుడు పోయదు. ఆమె కంటుంది, ప్రసవిస్తుంది, పల్లె మాటలో నీళ్లాడుతుంది. (నీళ్లోసుకుంది అంటే మాత్రం నెల తప్పిందని! రెండూ కలిపేస్తే చుట్టాలకు తప్పుడు కబురు వెళ్తుంది.) తల్లికే లేనిది బిడ్డకెక్కడిది? ‘ప్రాణం పోసుకుంది’ అనే మాటలో ప్రాణం తీసేసి పురుడు అతికించారని నా ఊహ. ‘ఉద్యమానికి ఫలానావారు పురుడు పోశారు’ అంటే ఏ పేచీ లేదు. ‘108 సిబ్బంది అంబులెన్స్‌లోనే పురుడు పోశారు’ అన్నదీ నిక్షేపంలాంటి వాక్యం.

ఇందులోని పోయడం నీళ్లు పోయడమేనని నాకు తోస్తుంది. ఎందుకంటే మంత్రసాని పని బిడ్డ బయటపడటంతో తీరేది కాదు. ఆముదం రాసిన చేత్తో పొట్ట తడిమి బిడ్డ తల ఎటుందో చూడాలి, మాయ పడేదాకా కదలకూడదు, బొడ్డు కోసి ముడేయాలి. తర్వాత రోజూ వచ్చి బాలెంతకు వేడినీళ్లు పోయాలి, బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకుని నలుగుపెట్టి స్నానం చేయించాలి. ‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి’ అనే సామెత (అసలు సామెత ఇంకా ముతక) ఊరికే పుట్టలేదు. అంత చాకిరీకి ముట్టేది కాసిని బియ్యం, ఓ పాత చీర.

అలాగని ఆ రోజులే బాగున్నాయనను. కొడవలితో బొడ్డు కోయడం, పుండు మీద బూడిదో పేడో అద్దడం వల్ల ధనుర్వాతంతో పోయిన పసికందులెందరో. అందుకే ప్రభుత్వం మంత్రసానులకు శిక్షణ ఇచ్చినప్పుడు ఐదు శుభ్రతలు నూరిపోసింది: చేతులు, కాన్పు జరిగే చోటు, బ్లేడు, దారం శుభ్రంగా ఉండాలి, కోసిన బొడ్డుకు ఏమీ పూయకూడదు. 2005లో జననీ సురక్ష యోజన (ఆస్పత్రిలో కాన్పు చేయించుకుంటే డబ్బు సాయం చేసే కేంద్ర పథకం) వచ్చాక కాన్పులు వేగంగా ఆస్పత్రులకు మళ్లాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే.

ఇక మీ రెండో ప్రశ్న. మంత్రసానిది పెద్దవాళ్ల వెనక తిరిగి నేర్చిన విద్య. మిడ్‌వైఫ్ అలా కాదు, నర్సింగ్ చదివి, ఆపైన 18 నెలలు కాన్పుల్లోనే శిక్షణ పొందిన మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ ఇద్దరినీ ఒక గాటన కట్టదు. కాబట్టి ‘మంత్రసాని’ అనొద్దు. ‘దాది’ అసలే వద్దు, అది పాలిచ్చి పెంచే ఆయమ్మకు చెందిన మాట. మిడ్‌వైఫ్ అనే రాయండి, నర్సును నర్సు అన్నట్టే.