రేయాంశ్ అంటే విష్ణువు అంశ కాదు, పెంటయ్య అంటే పెంట కాదు

అడిగిన ప్రశ్న ఇది: "బాబు స్వాతి రెండో పాదంలో పుట్టాడు. 'రే' అక్షరం వచ్చింది కాబట్టి రేయాంశ్ అనుకుంటున్నాం. విష్ణువు అంశ అని అర్థమట, నిజమేనా? మా నాన్నగారేమో ముత్తాత పేరు పెంటయ్య ఎక్కడో ఒకచోట కలపాల్సిందే అంటున్నారు. అదెలా తప్పించుకోవాలి?"

నిజం కాదు. సంస్కృతంలో 'రే' అంటే ఒరే, ఓయ్ లాంటి పిలుపు. పౌరాణిక నాటకాల్లో 'రే రే' అని రంకెలేస్తారే, అదే. అందులో విష్ణువు లేడు. కొందరు వేదంలోని 'రయి'ని పట్టుకొస్తారు. ఆ మాట ఉంది, సంపద అని అర్థం. కానీ రయి + అంశ కలిపితే యణాదేశ సంధి వచ్చి 'రయ్యంశ' అవుతుంది, రేయాంశ్ ఎలా అవుతుంది? ఇక తెలుగు చెవికి వినిపించేది రేయి. అమావాస్య పూట పుట్టినవాడికైతే సరిపోతుందేమో.

ఏ పేరునైనా ఇలాగే విడగొట్టి చూడండి. ముక్కలు విడదీయాలి, ఒక్కో ముక్కను నిఘంటువులో వెతకాలి (తెలుగు, సంస్కృత పదాలకు ఆంధ్రభారతి నిఘంటువు సైటు ఉచితంగా దొరుకుతుంది), మళ్ళీ సంధి చేసి అదే పేరు వస్తుందో లేదో చూడాలి. దేవ + అంశ = దేవాంశ, వచ్చింది. హిమ + అంశు = హిమాంశు, చల్లని కిరణాలవాడు, చంద్రుడు, అదీ వచ్చింది. ఇక్కడొక మెలిక ఉంది. అంశ అంటే భాగం, అంశు అంటే కిరణం. పేర్ల సైట్లు రెంటినీ కలగలిపేసి 'ఆంశ్'తో ముగిసే ప్రతి పేరుకీ ఒకచోట భాగమనీ ఇంకోచోట కిరణమనీ రాసుకుంటూ పోతాయి. పైగా 'రేయాన్ష్' అని రాయడమొకటి! అది ఇంగ్లీషు అక్షరాల్లోంచి వెనక్కి తిరిగొచ్చిన రాత. మనకు సున్నా ఉంది, తాలవ్య శ ఉంది, వాడుకోవచ్చు.

ఆ సైట్ల అర్థాలు ఎలా పుడతాయో ఆడపిల్లల పేర్లలో ఇంకా బాగా తెలుస్తుంది. 'అనిక'కు అనుగ్రహం అని రాస్తారు. ఆ అర్థం స్వీడన్ పేరు అన్నికాది. అది అన్నా నుంచి, అన్నా హీబ్రూ హన్నా నుంచి వచ్చాయి. సంస్కృతంలో ఉన్నది 'అనీకం', అంటే సైన్యం. దాన్నుంచి వచ్చిన అనీకిని ఒక సేనావిభాగం. పది అనీకినులు కలిస్తే ఒక అక్షౌహిణి. ఒక్క అనీకినిలోనే 2,187 ఏనుగులుంటాయి. ఉయ్యాల సరిపోదు. కియారాది ఇంకో తమాషా. ఇటలీ పేరుగా తీసుకుంటే 'తేటగా వెలిగేది'. ఐర్లాండులో ఇంచుమించు అదే స్పెల్లింగుతో ఉన్న పేరుకు నల్లనిది అని అర్థం. ఏ దేశం పేరు పెడుతున్నారో తెలియకుండా అర్థం తెలిసిందనుకోవడం నాకు విడ్డూరంగా ఉంటుంది.

ఇప్పుడు పెంటయ్య దగ్గరికి వద్దాం. మీరు తప్పించుకోవాలనుకుంటున్న ఆ పేరే మీ ఇంట్లో అసలైన అరుదైన పేరు. ఎందుకు పెట్టారో, ఏం చేసి పెట్టారో ఇప్పటికీ చెప్పగలిగిన పేరు అది.

పుట్టిన పిల్లలు వరసగా పోతున్న ఇళ్ళలో ఈ పేర్లు పెట్టేవాళ్ళు. కాన్పు కాగానే మంత్రసాని బిడ్డకు కొత్త బట్ట కప్పదు. చేటలో పడుకోబెట్టి తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పెడుతుంది. తల్లి చూడకూడదు. కాసేపటికి పొరుగింటావిడ ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, "ఎవరి బిడ్డో పారేసి పోయారు" అని పైకి వినబడేలా అని, చేట ఎత్తుకుని ఈ ఇంటి గుమ్మంలోకే తెస్తుంది. "కొంటారా?" "ఏం ఇమ్మంటావు?" "గుప్పెడు తవుడు చాలు." తవుడు చేతులు మారుతుంది, బిడ్డ లోపలికి వస్తుంది. ఇక అది కన్నబిడ్డ కాదు, కొన్నబిడ్డ. అదీ పశువులు తినే తవుడు పెట్టి! అంత విలువలేనిదాన్ని మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుంది? ముక్కు కూడా కుట్టేస్తే పని పూర్తయినట్టే.

ఊరిని బట్టి ఈ తంతులో ఒక్కో అంకం పేరుగా మిగిలింది. కుప్ప మీద పెట్టినవాడు పెంటయ్య. తవుడుకు కొన్నవాళ్ళు తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇప్పటికీ వినిపిస్తాయి. పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తరాకులో దొర్లించినవాడు పుల్లయ్య. అడుక్కొచ్చిన గింజలతోనో గుడ్డతోనో పెంచినవాడు తెలంగాణలో బిక్షమయ్య, భిక్షపతి. సుందర్ పిచాయ్ పేరులోని 'పిచ్చై'కి కూడా తమిళంలో భిక్ష అనే అర్థం. మరాఠీ వైపు వెళితే నథూరామ్ గాడ్సే అసలు పేరు రామచంద్ర. అతనికి ముందు పుట్టిన మగపిల్లలు పోయారని ముక్కుకు నత్తు పెట్టి పెంచారు, నథూరామ్ అయ్యాడు.

కాబట్టి పెంటయ్యకు నిఘంటువు చెప్పే అర్థం పెంట, పెట్టినవాళ్ళ మనసులోని అర్థం 'వీడు బతకాలి'. మీ నాన్నగారి పట్టుదలకు మూలం అక్కడే ఉంది, ఆయనకు తెలిసినా తెలియకపోయినా. (నల్లమలలో చెంచుల గూడేలను కూడా పెంటలనే అంటారు. ఆ పెంటకూ ఈ పేరుకూ సంబంధం లేదు. అలా చెప్పి తప్పించుకోకండి.)

ముత్తాత పేరును మాటగా కలపలేకపోతే అర్థంగా కలపండి. స్వాతికి రూ, రే, రో, తా. మీది రెండో పాదమే అయినా అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరం తీసుకోవడం మామూలే. హస్త మూడో పాదానికి ణ, నాలుగో పాదానికి ఠ వస్తాయి. వాళ్ళంతా ఏం చేస్తున్నారు మరి? నాలుగో పాదం 'తా'తో తారక్ ఉంది. తరింపజేసేవాడు, గట్టు దాటించేవాడు. పెంటయ్యకు ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకడు. 'రే'నే కావాలంటే రేవంత్. పురాణాల్లో సూర్యుడి కొడుకు, గుర్రాలకు అధిపతి. వేదభాషలో సంపద గలవాడు. మీ రేయాంశ్‌లో లేని ఆ రయి ఇందులో నిజంగా ఉంది. వినగానే రాజకీయాలు గుర్తొస్తాయంటే అది మీ ఇష్టం.

అసలు అరుదు అనేది అక్షరాల విన్యాసంతో రాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1930లో, ఉప్పు సత్యాగ్రహం ఏడాది, పుట్టిన కొడుక్కి లవణం అని పెట్టారు. తర్వాతి పిల్లల్లో విజయం, సమరం, నియంత ఉన్నారు. తొమ్మిదో బిడ్డ పేరు నౌ, హిందీ తొమ్మిదే. వీటిలో ఏ మాటా కొత్తది కాదు, కానీ ఎవరూ మరిచిపోరు. ఇప్పుడు ఒకే తరగతిలో ఆంశ్‌లూ ఆన్‌లూ ఎదురెదురుగా కూర్చుంటుంటే టీచరు ఇంటిపేర్లతో పిలవాల్సి వస్తోంది. అరుదైన పేర్లట!

బియ్యంలో ఏ పేరు రాసినా, రిజిస్టరులో రాసేది మాత్రం తొందరపడకండి. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరు అప్పుడే ఇవ్వాలని లేదు. 12 నెలల లోపు రుసుము లేకుండా చేర్చవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా చేర్చవచ్చు. ఒకసారి ఎక్కాక మార్చడమే కష్టం. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ ధ్రువపత్రమే ఆధారం. సంఖ్యాశాస్త్రం పేరు చెప్పి ఇంగ్లీషులో ఇంకో 'ఏ' తగిలిస్తే ఆధార్‌లోనూ పాస్‌పోర్టులోనూ అన్నిచోట్లా ఆ రెండో 'ఏ' ఉండాల్సిందే. ఒక్కచోట జారినా అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా మొత్తంగా రాయించండి. పెంటయ్యను మధ్యపేరుగా పెట్టడానికి ఒప్పుకుంటే అదీ పూర్తిగానే రాయించండి. 'పి' అని వదిలేస్తే రేపు ఎవరైనా ఆ అక్షరానికి కూడా విష్ణువు అంశ అని అర్థం చెబుతారు.