నానో ఎముక వచ్చేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. గాజువాకలో స్కూటర్ మీద నుంచి పడి మోకాలి కింది పెద్ద ఎముక విరిగింది. రాడ్ వేసి పది నెలలైనా అతకలేదు. తుంటి నుంచి కొంత ఎముక తీసి అక్కడ పెట్టాలని సర్జన్ అంటున్నారు. మరో కోత అనేసరికి నాన్నగారు భయపడుతున్నారు. కొలాజెన్ నానోఫైబర్లతో ఎముకలాంటి పదార్థం తయారుచేస్తున్నారని చదివాం. అది వచ్చేదాకా ఆగవచ్చా? ఈలోగా కొలాజెన్ పొడి తాగిస్తే మేలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆగకండి. అతకని ఎముకకు ఆసరాగా ఉన్న రాడ్ అడుగు వేసినప్పుడల్లా అలసిపోతుంది. ఏదో ఒక రోజు అదే విరిగితే ఆపరేషన్ ఇంకా పెద్దదవుతుంది.

మీరు చదివింది అబద్ధమేమీ కాదు. ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఖనిజమే. మిగిలినది చాలావరకు కొలాజెన్ అనే ప్రోటీన్, కొంత నీరు. ఈ జోడీనే ప్రయోగశాలలో మళ్లీ కలపాలని చూస్తున్నారు. కొలాజెన్ ద్రావణాన్ని సూది గుండా వదులుతూ వేల వోల్టుల విద్యుత్తు పెడితే, అది వెంట్రుకకన్నా వందల రెట్లు సన్నని పోగులుగా సాగి ఎదుటి పలకపై గుడ్డలా పరుచుకుంటుంది. దాన్ని కాల్షియం, ఫాస్ఫేట్ ఉన్న ద్రవంలో నానబెడతారు.

చిక్కంతా అక్కడే. ఊరికే నానబెడితే ఖనిజం పోగుపై పెచ్చు కడుతుంది. అసలు ఎముకలో అది పోగు లోపలి సందుల్లోనూ ఉంటుంది. పైన పంచదార చల్లిన కాజాకూ, లోపలిదాకా పాకం పీల్చుకున్న కాజాకూ ఉన్నంత తేడా! ఖనిజం తొందరపడి గడ్డకట్టకుండా పాలీఆస్పార్టిక్ ఆమ్లం వంటివి కలిపితే, అది ద్రవంలా లోపలికి ఇంకి ఆ తర్వాత స్ఫటికమవుతుంది. దారం తీయడానికి వాడే కొన్ని ద్రావకాలు కొలాజెన్ మూడు పేటల అల్లికను విప్పేసి జెలటిన్‌గా మార్చేస్తాయన్న బెడద వేరే ఉంది. మన హార్బర్‌లో పారేసే చేప చర్మం నుంచీ కొలాజెన్ తీయవచ్చు, కానీ సాధారణంగా అది పశువుల కొలాజెన్ కంటే తక్కువ వేడికే చెదిరిపోతుంది.

ఇంత కష్టపడి చేసినా ఆ పోగులు ఇచ్చేది ప్రధానంగా ఆసరాయే. కాలి బరువు మోయలేవు. మీ నాన్నగారి తుంటి ఎముకలోనైతే ఆసరాతో పాటు జీవకణాలూ, పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్లూ ఉంటాయి. అందుకే మీ సర్జన్ మాటే నా మాట. తుంటి దగ్గర కొన్ని వారాలు నొప్పి ఉంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఉండవచ్చు. కొలాజెన్‌కు ఖనిజం కలిపిన గ్రాఫ్ట్‌లు, అంటే ఎముక లోటు పూడ్చడానికి పెట్టే పదార్థాలు, కొన్ని ఇప్పటికే వాడకంలో ఉన్నాయి. వాటిని సొంత ఎముకతో కలిపి, తుంటి నుంచి తీసేది తగ్గించే వీలుందేమో అడగండి.

కొలాజెన్ పొడి కడుపులోకి వెళ్లాక మామూలు ప్రోటీన్‌లాగే జీర్ణమవుతుంది, విరిగిన చోటు వెతుక్కుంటూ పోదు. ఆ డబ్బుతో గుడ్లు, చేపలు, పప్పు పెట్టండి.

అసలు ఎందుకు అతకలేదో ముందు తేలాలి. విరిగిన చోట ఇన్ఫెక్షన్ దాగి ఉంటే ఏ గ్రాఫ్టూ నిలవదు. ఆపరేషన్‌కు ముందే ఇన్ఫెక్షన్ జాడ చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, గత రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ, విటమిన్ డి రక్తపరీక్షలు చేయించండి. మీ ఉత్తరంలో రాయలేదు గానీ, నాన్నగారికి చుట్టో సిగరెట్టో అలవాటుంటే ఈరోజే మాన్పించండి.